న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. కవుల చరిత్రలును, దేశభక్తుల చరిత్రలును గ్రంథాలయముల బీరువాలలో కొల్లలుగా నుండును. న్యాయాధిపతుల చరిత్రలు మాత్రము అరుదు. న్యాయస్థానమనగా మన గ్రామస్థులకు వాయిదాలు, వకీలు ఫీజులు, స్టాంపు కాగితములు, ఇవియే జ్ఞప్తికి వచ్చును. గట్టు తగవులో ఇద్దరు రైతులకు తీర్పు చెప్పుటతో దాని పని తీరెనని మనము తలంతుము. కాని ఢిల్లీనగరమున ఒక న్యాయస్థానము గలదు. అది చెప్పిన మాటకు మంత్రులు తమ ఆజ్ఞలను దిద్దుకొందురు. పార్లమెంటు క్రొత్త చట్టములు చేయును. ఒక్కొక్కప్పుడు రాజ్యాంగమే సవరింపబడును. ఆ న్యాయస్థానమునకు ప్రధాన న్యాయమూర్తియైన ఒక తెలుగువాని చరిత్రను చదివినచో ఆ మార్పు ఎట్లు జరుగునో, దానివలన సామాన్యునకు ఏమి మేలు, ఏమి కీడు కలుగునో తేటపడును. అందులకే కోకా సుబ్బారావుగారిని ఎన్నుకొంటిని. నేను న్యాయశాస్త్రము చదివినవాడను కాను. గ్రామపు లెక్కలు వ్రాయువాడను. నా చదువు పహాణీల నడుమ తీరిక చేసికొని చదివిన భారత భాగవతములతో సరి. కావున చదువరులు ఇందు చట్టపు చిక్కులను ఆశింపక, ఒక మనుష్యుని పట్టుదలను, దాని ఫలమును మాత్రము చూడవలెను.

బాల్యము, విద్య, వృత్తి

సుబ్బారావుగారు 1902వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. నన్నయభట్టారకుడు మహాభారతమును తెనిగింప నారంభించిన గోదావరీతీర పురమది. తండ్రిగారు న్యాయవాది, చిన్న వయసుననే కాలధర్మము నొందిరి. సుబ్బారావుగారు ఆ యూరి ప్రభుత్వ కళాశాలలోనే పట్టము పుచ్చుకొని, పిమ్మట మద్రాసు లా కాలేజీలో న్యాయశాస్త్రము చదివిరి. చదువుతోపాటు ఆటలయందును వారికి మంచి పేరుండెను.

మద్రాసులో వారి మామగారగు వెంకటరమణారావునాయుడుగారు పేరుపడిన వకీలు. తరువాత అచ్చటి హైకోర్టున న్యాయమూర్తియైనవారు. సుబ్బారావుగారు వారియొద్ద వృత్తి నేర్చిరి. కొంతకాలము బాపట్లలో జిల్లా మునసబుగా పనిచేసిరి. సామాన్య రైతు మొట్టమొదట గడప త్రొక్కు న్యాయస్థానము మునసబు కోర్టే గదా! ఆ యుద్యోగమును విడిచి మరల మద్రాసు చేరి, తమ బావమరిది పి. వి. రాజమన్నారుగారితో కలిసి వకీలుపని సాగించిరి. ఈ రాజమన్నారుగారు పిమ్మట మద్రాసు హైకోర్టునకు ప్రధాన న్యాయమూర్తియైరి. తెలుగున నాటకములు వ్రాసిన రసికులు గూడ. ఒకే ఇంటినుండి ఇందఱు న్యాయమూర్తులు వెలువడుట మన తెలుగువారి చరిత్రలో విశేషము.

1948లో సుబ్బారావుగారు మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా నియమింపబడిరి. దేశమునకు అప్పుడప్పుడే స్వాతంత్ర్యము వచ్చియుండెను. 1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. దానితో న్యాయమూర్తి పనియే మాఱిపోయెను. అంతకు ముందు దొరతనమువారు చేసిన చట్టము మంచిదో చెడ్డదో విచారింప హైకోర్టునకు చోటు తక్కువ. ఇప్పుడు ఏ చట్టమైనను, ఏ ఆజ్ఞయైనను రాజ్యాంగమునకు లోబడి యున్నదా లేదా యని పరీక్షించు బాధ్యత దానిపై పడెను.

గుంటూరు, హైదరాబాదు

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడెను. రాజధాని కర్నూలు, హైకోర్టు మాత్రము గుంటూరులో 1954 జూలైలో వెలసెను. దానికి ప్రథమ ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావుగారే. రెండేండ్లు గడచినంతనే, 1956 నవంబరులో, తెలంగాణముతో కలిసి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమేర్పడగా హైకోర్టు హైదరాబాదునకు వచ్చెను. దానికిని వారే తొలి ప్రధాన న్యాయమూర్తి.

మన మీర్‌పేట్ నుండి దిల్‌సుఖ్‌నగర్, చాదర్‌ఘాట్ మీదుగా పోయి మూసీనది దక్షిణపు టొడ్డున నిలిచినచో ఎఱ్ఱరాతి గోపురముల ఆ భవనము కనుపట్టును. నిజాము కాలమున కట్టబడి 1920లో ప్రారంభమైన భవనమది. పొలము తగవులకై, జీతపు తగవులకై మన ప్రాంతమువారెందఱో ఎక్కిన మెట్లవి. ఉర్దూలో తీర్పులు వ్రాసిన హైదరాబాదు సంప్రదాయమును, ఇంగ్లీషులో వ్రాసిన మద్రాసు సంప్రదాయమును ఒక్క కప్పు క్రింద కూర్చవలసిన కాలమున సుబ్బారావుగారు అచ్చట అధిపతిగా నుండిరి. 1958 జనవరి 31న వారు సుప్రీముకోర్టు న్యాయమూర్తిగా ఢిల్లీకి వెడలిరి.

సుప్రీముకోర్టు పని తీరు

ఇచ్చట ఒక విషయమును చదువరులకు విన్నవింపవలెను. సుప్రీముకోర్టు తనంత తాను చట్టము వ్రాయదు. దానికి సేనలేదు, ఖజానాలేదు. బాధపడినవాడొకడు అర్జీ పట్టుకొని వచ్చువఱకు సాధారణముగా అది నోరు మెదపదు. అయినను అర్జీ వచ్చిన పిమ్మట దాని మాటకు మూడు విధముల బలము గలదు. మొదటిది, ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టమును చెల్లదని కొట్టివేయుట. రెండవది, చట్టములోని మాటకు అర్థము ఇదియని నిర్ణయించుట. ఆ యర్థమే దేశమంతట క్రింది కోర్టులకు శిరోధార్యము. మూడవది, చట్టమే లేకుండ అధికారులు పౌరునిపై చేయి వేసినచో ఆ చేతిని పట్టి నిలుపుట. ఈ మూడింటిలో ఏది జరిగినను శాసనసభ ఊరకుండజాలదు. అది తీర్పునకు తలయొగ్గి క్రొత్త చట్టము చేయును. లేదా తీర్పును దాటుటకై రాజ్యాంగమునే సవరించును. సుబ్బారావుగారి జీవితమున ఈ రెండును కానవచ్చును.

వారి తీర్పులలో మొదట చెప్పదగినది 1960లో వచ్చినది. ఉత్తరప్రదేశమున ప్రభుత్వము కాలువనీటి తీరువను పెంచగా, రైతులు ఆ పెంపును చెల్లింపవలదని రామమనోహర్ లోహియాగారు ఉపన్యసించిరి. తెల్లదొరల కాలమునాటి 1932వ సంవత్సరపు చట్టము క్రింద ప్రభుత్వమువారిని పట్టి జైలులో నుంచెను. ఐదుగురు న్యాయమూర్తుల పక్షమున సుబ్బారావుగారు తీర్పు వ్రాసిరి. మాటకును అల్లరికిని దగ్గఱి సంబంధమున్నప్పుడే మాటను నిషేధింపవచ్చును గాని, ఎన్నడో ఏదో జరుగునన్న ఊహతో నోరు నొక్కరాదని తేల్చి, ఆ చట్టపు నిబంధనను చెల్లదనిరి. ఈ సూత్రము నాటితో పోలేదు. ఐదు దశాబ్దముల పిమ్మట, 2015లో, కంప్యూటరులో, సెల్‌ఫోనులో వ్రాసిన వ్రాతలకు జనులను అరెస్టుచేయ వీలిచ్చిన 66ఏ అను నిబంధనను సుప్రీముకోర్టు కొట్టివేసినప్పుడు, ఈ 1960 నాటి తీర్పునే ఆధారముగా గొనెను.

ఏకాకి మాట: ఖరక్‌సింగు కేసు

భారతమున ద్యూతసభ మనకందఱకు తెలిసినదే. ద్రౌపది ప్రశ్న వేసినప్పుడు భీష్మద్రోణులంతటివారు తల వంచుకొనిరి. కౌరవులలోనే వికర్ణుడొక్కడు లేచి అది ధర్మము కాదనెను. వాని మాట ఆనాడు చెల్లలేదు. చెల్లకపోయినను అది వ్యర్థమైనదని ఎవరనగలరు? న్యాయస్థానమునను ఇట్టి ఘట్టములు గలవు. పలువురు న్యాయమూర్తులు ఒక తీర్పు వ్రాయగా, దానికి సమ్మతింపనివారు తమ భిన్నాభిప్రాయమును వేఱుగ వ్రాసి యుంచుట ఆచారము. అది నాడు చెల్లదు. కాని పుస్తకములో నిలిచియుండును.

ఉత్తరప్రదేశపు గ్రామస్థుడగు ఖరక్‌సింగును 1941లో ఒక బందిపోటు కేసులో పట్టి, సాక్ష్యములేదని విడిచిపెట్టిరి. కోర్టు శిక్షింపలేదు, అయినను పోలీసులు వాని పేరు కేడీల జాబితాలో నెక్కించిరి. రాత్రివేళ తలుపు తట్టి నిద్ర లేపుట, ఇంట జొరబడి చూచుట, ఊరు విడిచినచో చౌకీదారునకు చెప్పిపొమ్మనుట, ఇట్లు వాని బ్రదుకు కాపలాలోనే గడచుచుండెను. వాడు సుప్రీముకోర్టున కెక్కెను. 1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. రాత్రివేళ ఇంట జొరబడుట ఒక్కటి చెల్లదనియు, తక్కిన నిఘా చెల్లుననియు నలుగురు నిర్ణయించిరి. సుబ్బారావుగారును, షాగారును మాత్రము మొత్తము నిబంధనయే చెల్లదనిరి. సుబ్బారావుగారి వాదము సరళమైనది. ఈ నిఘాకు శాసనసభ చేసిన చట్టమేదియు ఆధారము కాదు; ఇది పోలీసువారు తమకుతాము వ్రాసికొన్న నియమము. స్వేచ్ఛయనగా కాలికి సంకెల లేకుండుట మాత్రమే కాదు. వెనుక నెవ్వరో చూచుచున్నారన్న భయము లేకుండ మెలగుటయు స్వేచ్ఛయే. మనుష్యుని యేకాంతము అందులో భాగము.

ఆ మాట నాడు ఓడిపోయెను. అది యెట్లు గెలిచెనో ముందు చెప్పెదను.

వెనుకబడినవారి పక్షము

సుబ్బారావుగారు ఆస్తిపరుల పక్షపాతియని కొందఱు వ్రాసియున్నారు. అట్లు వ్రాయువారు మఱొక భిన్నాభిప్రాయమును గూడ చదువవలెను. కేంద్రప్రభుత్వోద్యోగములలో షెడ్యూల్డు కులములకు, తెగలకు కేటాయించిన ఖాళీలు ఒక యేడు నిండనిచో, వానిని మఱుసటి యేటికి కలుపుకొను పద్ధతి యుండెను. అట్లు కలుపగా ఒక యేడు 45 ఖాళీలలో 29 వారికి చెందెను. ఇది సగమునకు మించినదని దేవదాసన్ అను ఉద్యోగి కోర్టున కెక్కగా, 1963లో న్యాయమూర్తులలో ఎక్కువమంది ఆ పద్ధతిని కొట్టివేసిరి. సుబ్బారావుగారు ఒక్కరే విభేదించిరి. పందెపు గుఱ్ఱమును, బండిగుఱ్ఱమువంటి సాధారణపు గుఱ్ఱమును ఒక్క గీతనుండి పరుగెత్తించి, ఇద్దఱికిని సమాన మవకాశ మిచ్చితిమనుట న్యాయమా యని వారు ఉపమానము చెప్పిరి. వెనుకబడినవారికి ఇచ్చు కేటాయింపు సమానత్వమునకు మినహాయింపు కాదనియు, సమానత్వమును నిజము చేయు మార్గమనియు వారి సిద్ధాంతము.

1975లో థామస్ కేసులో సుప్రీముకోర్టు ఈ భావమునే అంగీకరించెను; దానిని చూచుటకు సుబ్బారావుగారు జీవించియుండిరి. 1992లో మండల్ కేసుగా పేరుపొందిన తీర్పులో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని స్థిరపఱచెను. 2000లో పార్లమెంటు రాజ్యాంగమును సవరించి, నిండని ఖాళీలను ముందుకు తెచ్చుకొను పద్ధతికి రక్షణ కల్పించెను. ఒక్కరి మాట ముప్పది యేడేండ్లకు రాజ్యాంగపు టక్షరమయ్యెను.

గోలక్‌నాథ్ తీర్పు

1966 జూన్ 30న సుబ్బారావుగారు భారత ప్రధాన న్యాయమూర్తియైరి. ఆ పదవిలో తొమ్మిది నెలలకు మించి కొంతకాలమే యుండిరి. కాని ఆ కొద్దికాలమున వెలువడిన ఒక తీర్పువలన దేశమంతయు కదలెను.

దాని మూలము భూమి. మన హైదరాబాదు చుట్టుప్రక్కల గ్రామములలో సర్ఫేఖాసు భూములును, జాగీరు భూములును ఎంత విస్తారముగా నుండెనో పెద్దలకు తెలియును. 1949లో జాగీరులు రద్దయినవి. ఇట్టి చట్టములను భూస్వాములు కోర్టులలో ఎదిరింపసాగిరి. బీహారు చట్టమును పాట్నా హైకోర్టు కొట్టివేసెను. అంతట పార్లమెంటు 1951లో రాజ్యాంగమును మొదటిసారి సవరించి, తొమ్మిదవ షెడ్యూలు అను పట్టికను చేర్చెను. ఆ పట్టికలో చేరిన చట్టమును ప్రాథమిక హక్కుల పేర కోర్టులో ఎదిరింపరాదని అప్పుడు నియమించెను. మొదట చేర్చిన 13 చట్టములలో రెండు మన హైదరాబాదువే: ఒకటి జాగీరుల రద్దు, రెండవది వాని పరిహారమునకు సంబంధించినది. 1964లో పదునేడవ సవరణచే మఱి 44 చట్టములు చేరినవి. అందు 1961వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ భూపరిమితి చట్టమును గలదు.

పంజాబులో జాలంధరు ప్రాంతమున గోలక్‌నాథ్ కుటుంబమునకు సుమారు 500 ఎకరముల భూమి యుండెను. అచ్చటి 1953వ సంవత్సరపు చట్టము ప్రకారము ఒక్కొక్కరికి 30 ఎకరముల పరిమితి యుంచి, తక్కినది మిగులు భూమి యనిరి. వారు సుప్రీముకోర్టున వేసిన ప్రశ్న ఇది: ప్రజలకు రాజ్యాంగము ఇచ్చిన ప్రాథమిక హక్కును పార్లమెంటు సవరణ పేర తీసివేయగలదా? 1951లోను, తరువాత సజ్జన్‌సింగు కేసులోను కోర్టు తీసివేయగలదనియే చెప్పియుండెను. ఈసారి పదునొకండుగురు న్యాయమూర్తులు కూర్చుండిరి. 1967 ఫిబ్రవరి 27న ఆరుగురు ఒక ప్రక్క, ఐదుగురు మఱొక ప్రక్క తీర్పు చెప్పిరి. సుబ్బారావుగారి పక్షము గెలిచెను. హక్కులను హరించు ఏ చట్టమును చేయరాదని రాజ్యాంగము చెప్పుచున్నది. సవరణయు ఒక చట్టమే. కావున దానిచేతను హక్కులను హరింపరాదు. ఇది వారి నిర్ణయము.

కాని ఒక పెద్ద చిక్కు మిగిలెను. పాత సవరణలన్నియు చెల్లవన్నచో అప్పటికి పేదలకు పంచిన భూముల గతి యేమి? పట్టాలు పుచ్చుకొని దుక్కి దున్నిన రైతును మరల లేవగొట్టవలెనా? సుబ్బారావుగారు ఇచ్చట అమెరికా దేశపు న్యాయమునుండి ఒక పద్ధతిని గైకొనిరి. గడచినది గడచినట్లే యుండును. నేటి తీర్పు ఇకమీదటి సవరణలకే వర్తించును. మాబోటి లెక్కలవారికి ఇది చక్కగా బోధపడును. మూసిన సంవత్సరపు చిట్టాను తిరుగదోడక, క్రొత్త సంవత్సరమునుండి క్రొత్త పద్దు వ్రాయుటవంటిది. దీనివలన గోలక్‌నాథ్ కుటుంబమునకు భూమి తిరిగి రాలేదు. గెలిచిన వాదము ఒకటి, ఓడిన వాది యొకడు!

ఈ తీర్పును మెచ్చినవారును గలరు, నొచ్చుకొన్నవారును గలరు. భూమిలేని కూలివాని పక్షమునుండి చూచినచో, ప్రజలెన్నుకొన్న పార్లమెంటు చేతిని కోర్టు కట్టివేసి, ముందు రానున్న భూసంస్కరణలకు అడ్డుపడినట్లు తోచును. మఱొక ప్రక్కనుండి చూచినచో, నేడు వానివలె రేపు నీ పొలమును, నీ నోటిని, నీ గుడిమసీదులను గూడ సవరణ పేర హరింపవచ్చునన్న భయమునకు అది అడ్డుకట్ట. పట్టాలు వ్రాయువానికి ఈ రెండు దుఃఖములును ఎఱుకయే. పట్టా రానివాని కంటనీరును, పట్టా పోయినవాని కంటనీరును ఒకే రంగు. తూకపు రాళ్ళు ఎటు వేసినను కొంత బరువు మిగులు వ్యవహారమిది.

పాస్‌పోర్టు తీర్పు, రాజీనామా

ప్రధాన న్యాయమూర్తిగా వారి చివరి దినములలో వచ్చిన తీర్పొకటి గలదు. దానిని తక్కువమంది ఎఱుగుదురు గాని, మన యిండ్లకు అది మిక్కిలి దగ్గఱిది. సత్వంత్‌సింగ్ సాహ్నీ అను వర్తకుని పాస్‌పోర్టును తిరిగి యిచ్చివేయుమని అధికారులు ఆజ్ఞాపించిరి. ఏ చట్టము ప్రకారమని అతడు ప్రశ్నించెను. చూడగా పాస్‌పోర్టు ఎవరికీయవలెను, ఎవరికి నిరాకరింపవలెనని చెప్పు చట్టమే దేశమున లేదు. అంతయు అధికారుల చిత్తము. 1967 ఏప్రిల్ 10న ఐదుగురిలో ముగ్గురు న్యాయమూర్తుల పక్షమున సుబ్బారావుగారు తీర్పు చెప్పిరి. విదేశమునకు పోవుటయు వ్యక్తిస్వేచ్ఛలో భాగమే. చట్టము లేకుండ దానిని ఆపరాదు. ప్రభుత్వము వెంటనే మేల్కొని మే నెలలో ఆర్డినెన్సు తెచ్చెను. జూన్ నెలలోనే పార్లమెంటు పాస్‌పోర్టుల చట్టమును చేసెను. ఆ చట్టము క్రింద, నిరాకరించు అధికారి కారణమును వ్రాతమూలకముగా నుంచవలెను. అప్పీలుకు దారియు గలదు. నేడు మన ప్రాంతపు బిడ్డలు కూలికై గల్ఫు దేశములకు పోయినను, చదువునకై అమెరికాకు పోయినను, వారి చేతిలోని ఆ చిన్న పుస్తకము వెనుక ఈ తీర్పు గలదు. కోర్టు మాటకు తలయొగ్గి శాసనసభ చట్టము చేయుటకు ఇంతకంటె చక్కని నిదర్శనము లేదు.

ఆ మఱునాడే, ఏప్రిల్ 11న, సుబ్బారావుగారు పదవికి రాజీనామా యిచ్చిరి. పదవీవిరమణకు ఇంకను మూడు నెలలు గలదు. ప్రతిపక్షములు వారిని రాష్ట్రపతి పదవికి అభ్యర్థిగా నిలిపినవి. మే 6న ఎన్నిక జరుగగా డాక్టరు జాకీర్ హుస్సేన్‌గారికి 4,71,244 ఓట్ల విలువయు, సుబ్బారావుగారికి 3,63,971 విలువయు వచ్చినవి. హైదరాబాదులో పుట్టిన జాకీర్ హుస్సేన్‌గారు రాష్ట్రపతియైరి. న్యాయపీఠమునుండి దిగినవెంటనే ఎన్నికల బరిలో దిగుట తగదని నాడే పలువు రనిరి. ప్రభుత్వమును కట్టడిచేసిన తీర్పు వ్రాసినవాడు వెంటనే ప్రభుత్వాభ్యర్థికి ఎదురు నిలిచినచో, ఆ తీర్పుపైగూడ నీలినీడ పడదా యన్నది వారి ప్రశ్న. అది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. మహనీయుల చరిత్ర వ్రాయునప్పుడు చందనమే పూసి, మచ్చను కప్పుట చదువరులకు మేలు చేయదు.

పార్లమెంటు ప్రత్యుత్తరము

గోలక్‌నాథ్ తీర్పునకు పార్లమెంటు 1971లో బదులు చెప్పెను. ఇరువదినాల్గవ సవరణచే, ప్రాథమిక హక్కులతో సహా రాజ్యాంగములోని యే భాగమునైనను సవరించు అధికారము తనకు గలదని ప్రకటించెను. ఆ సవరణను కేరళదేశపు మఠాధిపతి కేశవానందభారతి వేసిన కేసులో పదుమువ్వురు న్యాయమూర్తులు విచారించిరి. 1973 ఏప్రిల్ 24న ఏడుగురు ఒక ప్రక్కయు, ఆరుగురు ఒక ప్రక్కయు నిలిచిరి. గోలక్‌నాథ్ తీర్పు రద్దయ్యెను. పార్లమెంటు హక్కులను సవరింపవచ్చును. కాని రాజ్యాంగపు మూలస్వరూపమును మాత్రము చెఱుపరాదు. ఇది ఆ యేడుగురి నిర్ణయము. ఆ యేడుగురిలో హైదరాబాదు హైకోర్టునుండి ఎదిగిన పి. జగన్మోహనరెడ్డిగారు ఒకరు.

అనగా సుబ్బారావుగారు కట్టిన గోడ పడిపోయెను గాని, పునాది నిలిచెను. పార్లమెంటునకు ఒక హద్దు గలదన్న వారి మూలభావము రూపము మార్చుకొని నేటికిని అమలులో నున్నది. భూసంస్కరణలును ఆగిపోలేదు. 1973లో ఆంధ్రప్రదేశమున క్రొత్త భూపరిమితి చట్టము వచ్చెను. మఱుసటి యేడే అది తొమ్మిదవ షెడ్యూలులో చేరెను. 1978వ సంవత్సరపు నలుబదినాల్గవ సవరణచే ఆస్తిహక్కు ప్రాథమిక హక్కుల పట్టికనుండియే తొలగెను. అయినను చట్టాధారము లేకుండ ఎవ్వని యాస్తియు తీసికొనరాదన్న నియమము రాజ్యాంగమున నిలిచియున్నది.

తుదిదినములు, అటుపిమ్మట

1975 జూన్‌లో దేశమున అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. వేలకొలది జనులు విచారణ లేకయే జైళ్ళలో పడిరి. 1976 ఏప్రిల్ 28న సుప్రీముకోర్టులో ఐదుగురిలో నలుగురు, ఆ కాలమున నిర్బంధింపబడినవాడు కోర్టు తలుపు తట్టజాలడని తీర్పు చెప్పిరి. ఎచ్.ఆర్. ఖన్నాగారొక్కరే కాదనిరి. చట్టములేని చేతిని పట్టి నిలుపుటయే కోర్టు పనియని జీవితమంతయు చెప్పిన సుబ్బారావుగారు, ఆ తీర్పు వెలువడిన ఎనిమిది దినములకు, మే 6న పరమపదించిరి. తాము నిలిచిన రాష్ట్రపతి యెన్నిక జరిగిన తేదీయు అదియే, నడుమ తొమ్మిదేండ్లు. చీకటి తొలగుటను వారు చూడలేదు. 1978లో అదే నలుబదినాల్గవ సవరణచే, అత్యవసర పరిస్థితిలోను ప్రాణమునకు, వ్యక్తిస్వేచ్ఛకు గల రక్షణను నిలిపివేయరాదని పార్లమెంటు నిర్ణయించెను.

ఇక ఖరక్‌సింగు కేసులోని ఏకాకి మాట. 2017 ఆగస్టు 24న ఆధారు కార్డు సంబంధమైన వివాదములో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా, వ్యక్తి యేకాంతము ప్రాథమిక హక్కేయని తేల్చిరి. ఖరక్‌సింగు కేసులో నలుగురు చెప్పినదానిలో యేకాంతహక్కు లేదన్న భాగము తప్పనియు, సుబ్బారావుగారి దారియే సరియైనదనియు నిర్ణయించిరి. ఆ తొమ్మండుగురిలో కృష్ణాజిల్లావారగు జాస్తి చలమేశ్వర్‌గారును ఉండిరి. ఆ తీర్పు తరువాత 2023లో పార్లమెంటు వ్యక్తుల సమాచార రక్షణకై చట్టము చేసెను. చౌకీదారు తలుపు తట్టిన చప్పుడునకు విసిగిన ఒక గ్రామస్థుని మొఱ, ఒక తెలుగు న్యాయమూర్తి వ్రాసియుంచిన కొన్ని పుటలు, ఏబదియైదేండ్లకు దేశపు ధర్మమైనవి. వికర్ణుని మాటకు ఆయుర్దాయము సుయోధనుని ఆజ్ఞకంటె ఎక్కువ!

ముగింపు

సుబ్బారావుగారి తీర్పులలో కొన్ని నిలిచినవి, కొన్ని పడిపోయినవి. వారి రాజీనామాను మెచ్చనివారు నేటికిని గలరు. కాని వారి జీవితమంతటను ఒక్క సూత్రము దారమువలె సాగినది: అధికారి చేయి పౌరునిపై పడుటకు ముందు చట్టము చూపవలెను, ఆ చట్టము రాజ్యాంగమునకు లోబడవలెను. చట్టము చూపజాలనినాడు, ఆ చేయి పోలీసుదైనను, పాస్‌పోర్టు కచేరీదైనను, పార్లమెంటుదైనను, ఆగవలసినదే.

కోర్టు ఒక్కటే దేశమును కాపాడజాలదు. శాసనసభ చేయవలసిన పని శాసనసభదే. పేదవానికి భూమి నిచ్చుట, బడి పెట్టుట, నీరు తెచ్చుట కోర్టువలన కాదు. కాని ఆ పనులు చేయుచు దారి తప్పినప్పుడు నిలిపి ప్రశ్నించువాడొకడు కావలెను. ఆ ప్రశ్న వేయుటకు ముందుగా ఖరక్‌సింగువంటి గ్రామస్థుడును, సాహ్నీవంటి వర్తకుడును అర్జీ పట్టుకొని నిలువవలెను. హక్కు ఎఱుగనివాడు అర్జీ వ్రాయడు. చదువనివాడు హక్కు నెఱుగడు. కావుననే ఇరువదియైదేండ్లుగా చదువరుల కొఱకు తలుపులు తెఱచియుంచిన ఇట్టి గ్రంథాలయము, చిన్నదైనను, ఆ పెద్ద న్యాయస్థానమునకు తొలిమెట్టు. మన యువకులు నవలలతోపాటు రాజ్యాంగమును గూడ ఇచ్చట చదివి, తమ హక్కులను తమ బాధ్యతలను తెలిసికొందురు గాక! ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనును గాక!